స్టార్టరు డబ్బా నుంచి స్మార్టు ప్లగ్గు దాకా

పోయిన సంక్రాంతికి నంద్యాల వెళ్తూ నాలుగు స్మార్టు ప్లగ్గులు కొనుక్కెళ్ళాను. ఒకటి గీజరుకి, ఒకటి సంపు మోటరుకి, ఒకటి దేవుడి గూట్లో లైటుకి. నాలుగోది దేనికో కొన్నప్పుడు నాకూ తెలీదు, ఆఫర్లో నాలుగూ కలిపి అంటగట్టాడు :)

సాఫ్ట్‌వేరు వాళ్ళం పండక్కి ఇంటికెళ్ళి చేసే పనులు ఇవే కదా. అమ్మ ఫోన్లో యాప్ ఎక్కించడం, వైఫై పాస్‌వర్డు ఎవరికీ గుర్తు లేకపోతే రౌటరు తిరగేసి స్టిక్కరు చదవడం. గంటసేపు తంటాలు పడి, అందరినీ హాల్లో కూర్చోబెట్టి, ఫోను మీద వేలు పెట్టాను. టిక్కుమని చప్పుడొచ్చి దేవుడి గూట్లో లైటు వెలిగింది. అమ్మ "బాగుంది నాయనా" అంది. చెల్లెలు ఫోన్లోంచి తలెత్తలేదు. మా జేజినాయన (మా వైపు నాయన వాళ్ళ నాయన్ని అట్లా పిలుస్తాం) ఆళ్ళగడ్డ దగ్గర మా ఊరి నుంచి పండక్కని వచ్చి ఉన్నాడు. ఇంకో ప్లగ్గుని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి,

"ఇంతేనా అబ్బీ? దీంట్లో కొత్తేముండాది? మన బోరు కాడ మోటరుకి ఇదే గదా ఉండేది!" అన్నాడు.

నాకు కొంచెం చురుక్కుమంది. ఇంజినీరింగు చదివింది నేను కదా! కానీ రాత్రి పడుకుని ఆలోచిస్తే ఆయన చెప్పింది అక్షరాలా నిజం అనిపించింది. దూరంగా ఉన్న స్విచ్చిని ఫోనుతో వేయడం మా ఇంట్లోకి అమెజాన్ డబ్బాలో రాలేదు. అంతకు పుష్కరం ముందే మా చేలోకి వచ్చింది. ఎందుకొచ్చింది అని తవ్వుకుంటూ పోతే ఒక చరిత్రే ఉంది. అది రాసుకుందామనే ఈ టపా.

ముందు బయటి ప్రపంచం సంగతి క్లుప్తంగా చూద్దాం. 1898లో నికోలా టెస్లా న్యూయార్కులో, మాడిసన్ స్క్వేర్ గార్డెన్లో, ఒక చిన్న పడవని తీగ లేకుండా రేడియోతో నడిపి చూపించాడు. జనం మాయ అనుకున్నారట. ఇంట్లో లైట్ల దాకా ఆ సంగతి రావడానికి ఇంకో మూడు పాతికలు పట్టింది. 1975లో స్కాట్లాండులోని గ్లెన్‌రాథెస్ అనే ఊళ్ళో పికో ఎలక్ట్రానిక్స్ అనే కంపెనీ ఎక్స్10 అనే పద్ధతి తయారు చేసింది. అది వాళ్ళ పదో ప్రాజెక్టు, అందుకే ఆ పేరు. దాని కిటుకు భలే ఉంటుంది. వేరే వైరు ఏమీ లాగక్కర్లేదు, ఇంట్లో ఉన్న కరెంటు వైర్లలోనే కబురు పంపిస్తుంది. ఏసీ కరెంటు సెకనుకి ఇన్నిసార్లని సున్నా దాటుతుంది కదా, సరిగ్గా ఆ సున్నా దగ్గర 120 కిలోహెర్ట్జ్ సంకేతం ఒకటి పేలుస్తుంది. ఉంటే 1, లేకపోతే 0. 1978లో అమెరికా కొట్లలోకి వచ్చింది. మంచంలో పడుకునే లైటు ఆర్పుకోవచ్చు అని అమ్ముకున్నారు.

ఆ తర్వాత కథ మనందరికీ తెలిసిందే. 2012లో బెల్కిన్ వాళ్ళ వీమో వైఫైతో వచ్చింది. 2014లో చైనా కంపెనీ ఎస్ప్రెసిఫ్ ఈఎస్పీ8266 చిప్పుని వదిలింది. వైఫై, చిన్న ప్రాసెసరు, రెండూ ఒక్క చిప్పులోనే, అదీ కారుచౌకగా. దాంతో ప్లగ్గుల వరదే. మా బ్యాచ్ బీటెక్ 2018లో అయ్యింది. ఆ ఏడు ఈసీఈ వాళ్ళ మేజర్ ప్రాజెక్టుల్లో ఎన్ని "ఐఓటీ బేస్డ్ హోమ్ ఆటోమేషన్" ఉన్నాయో లెక్కపెట్టడం కష్టం. అమీర్‌పేటలో కొన్నారా సొంతంగా చేశారా అని అడగొద్దు, నేనూ చెప్పను :)

అన్నట్టు, మనం ఈ ప్లగ్గు పెట్టే మూడు గుండ్రటి కన్నాల సాకెట్టు ఇంకా పాతది. అది 1934 నాటి బ్రిటిష్ ప్రమాణం, బీఎస్ 546. వాళ్ళు 1947లో బీఎస్ 1363 అని చదరపు పిన్నుల ప్లగ్గుకి మారిపోయారు. అదే ఏడు మనల్ని వదిలి వెళ్ళారు, వాళ్ళ పాత సాకెట్టు మాత్రం మన గోడల్లో ఉండిపోయింది. అప్పటి 5, 15 ఆంపియర్లే ఇప్పుడు మన 6, 16 ఆంపియర్లు.

సరే, ఇప్పుడు మా ఊరికి వద్దాం. ఇక్కడ కథ పడగ్గది లైటుతో మొదలవదు, బోరు మోటరుతో మొదలవుతుంది.

నంద్యాల, ఆళ్ళగడ్డ తెలియని వాళ్ళకి ఒక మాట. అటు నల్లమల, ఇటు ఎర్రమల, మధ్యలో కుందూ నది, నల్లరేగడి నేల. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్విన కేసీ కెనాలు ఇక్కడి నుంచే కడప వైపు పోతుంది. నంద్యాలలో వ్యవసాయ పరిశోధనా కేంద్రం 1906 నుంచీ ఉంది. కాలవ ఉందిగా ఇంక బోర్లెందుకు అంటారా? కాలవ తుంగభద్ర మీద ఆధారం. పై నుంచి నీళ్ళొస్తే కాలవ, రాకపోతే రోడ్డు. కాలవ అందని మెట్ట చేలు ఎటూ ఉన్నాయి. అందుకని బావులు, బావులు ఎండాక బోర్లు, బోర్లకి మోటర్లు, మోటర్లకి కరెంటు.

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి 1959లో పుట్టింది. 1982లో శ్రీశైలంలో మొదటి యూనిట్టు తిరిగింది. కుడిగట్టు పవర్ హౌసు మొత్తం ఏడు యూనిట్లు, ఒక్కోటి 110 మెగావాట్లు, వెరసి 770. ఆ కుడిగట్టు అప్పట్లో మా కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి నంద్యాల జిల్లా. కరెంటు పుట్టేది మా జిల్లాలోనే, మా చేలకి మాత్రం అర్ధరాత్రి దాటాక వచ్చేది. గ్రిడ్డు అన్నాక అంతే, తెలుసు, అయినా చిన్నప్పుడు ఇది చాలా అన్యాయంగా అనిపించేది.

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం వచ్చాక హార్స్‌పవరుకి ఏడాదికి 50 రూపాయలు అనే స్లాబు అందరి నోళ్ళలో నానింది. మీటరు లేదు. ఎంత తిప్పినా అంతే. రైతుకి ఊరట, కానీ అక్కడే ఒక మెలిక పడింది. వాడకాన్ని ధరతో అదుపు చేయలేనప్పుడు ఇంక మిగిలిన పగ్గం ఒక్కటే, గంటలు. ఎన్ని గంటలు ఇవ్వాలి, ఏ గంటల్లో ఇవ్వాలి అన్నది సబ్‌స్టేషను చేతిలోకి పోయింది. 1999లో బోర్డుని ముక్కలు చేశారు. 2000లో ఛార్జీలు పెంచితే గొడవలయ్యాయి, ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. 2004 మే 14న వైఎస్ ప్రమాణ స్వీకారం చేస్తూనే ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టారు. ఎవరి హయాం ఎట్లాంటిదన్న వాదనలోకి నేను దిగడం లేదు. నా పాయింటు ఒక్కటే. డబ్బు లెక్క ఎన్నిసార్లు మారినా గంటల లెక్క మాత్రం పోలేదు. ఉచితం వచ్చాక చాలా ఏళ్ళు రోజుకి 7 గంటలు, అదీ రెండు ముక్కలుగా. ఏ గ్రూపు, బీ గ్రూపు. ఈ వారం మీకు పగలు, వచ్చే వారం రాత్రి.

అసలు స్విచ్చి ఎక్కడుందో గమనించారా? చేలో స్టార్టరు డబ్బా మీద ఆకుపచ్చ బటనుంది, నిజమే. కానీ దాని వెనక ఇంకో స్విచ్చి సబ్‌స్టేషన్లో ఉంది. అది ఎప్పుడు పడితే అప్పుడు మనిషి పరిగెత్తాలి. మన ఇళ్ళలో మనం స్విచ్చి కోసం చూస్తే లైటు వెలుగుతుంది. అక్కడ లైటు కోసం చూసి మనిషి స్విచ్చి దగ్గరికి పోవాలి!

నిజంగానే లైటు కోసం చూసేవాళ్ళు. మా బోరు షెడ్డు మీద ఒక బల్బు ఉండేది, త్రీ ఫేజు వస్తేనే వెలిగేది. ఎండాకాలం మిద్దె మీద పడుకుంటే అది కనపడేది. జేజినాయన నిద్ర ఎట్లాంటిదంటే, కళ్ళు మూసుకునే ఆ బల్బుని చూసేవాడు. "వచ్చెరా కరెంటు" అని లేచి, తలపాగా చుట్టుకుని, టార్చిలైటు పట్టుకుని పోయేవాడు. మిద్దె మీద నుంచి చూస్తే చేలల్లో అక్కడొకటి ఇక్కడొకటి టార్చిలైట్లు కదులుతూ కనపడేవి. చిన్నపిల్లలకి అది చూడ్డానికి బాగుండేది. అందులో ఉన్న భయం మాకు తెలీదు.

నాకు పదేళ్ళప్పుడు తెలిసింది. 2007, పసుపు చేనుకి తడి పెట్టే రోజులు. ఆ వారం మాది రాత్రి గ్రూపు. జేజినాయనకి జ్వరమని చిన్నాయన పోయాడు. టార్చిలైటు సెల్లులు అయిపోవచ్చి గుడ్డి వెలుగు. గెనిమ మీద నడుస్తుంటే పురుగు ముట్టింది. మా వైపు రాత్రిపూట పాము అనరు, పురుగు అంటారు. రక్తపింజర. చిన్నాయన అరుపు విని పక్క చేలో మోటరు వేయడానికొచ్చిన ఆయన పరిగెత్తుకొచ్చి, భుజాన వేసుకుని రోడ్డు దాకా తెచ్చాడు. అక్కడి నుంచి ఆటోలో ఆళ్ళగడ్డ, అక్కడి నుంచి నంద్యాల. బతికాడు. కానీ కాలు మోకాలి దాకా వాచి నల్లబడి, రెండు వేళ్ళు తీసేయాల్సి వచ్చింది. ఆ ఏడు పసుపు మాకు లేదు. చిన్నాయన ఇప్పటికీ చెప్పులు వేసుకునే తీరు వేరేగా ఉంటుంది.

ఆ పక్క చేలో ఆయన కూడా అదే కరెంటు కోసం వచ్చాడు కాబట్టి చిన్నాయన బతికాడు. ఒక టైముటేబులు ఒకరిని పాము మీదికి పంపింది, అదే టైముటేబులు ఇంకొకరిని సాయానికి పంపింది. ఏంటో!

ఇట్లా పోయినవాళ్ళు పాముకాటుకే కాదు, షాక్ కొట్టి కూడా. తడి కాళ్ళు, తుప్పు పట్టిన డబ్బా, చీకట్లో ఫీజు వేయడం. రాయలసీమ జిల్లాల పేపర్లలో లోపలి పేజీల్లో చిన్న వార్తలుగా వచ్చేవి ఇవి. చదివి పేజీ తిప్పేసేవాళ్ళం.

ఆ ఏడే మా బోరుకి ఆటో స్టార్టరు వచ్చింది. దీన్ని మా ఊరి మొదటి స్మార్టు ప్లగ్గు అనుకోండి. ఫోను లేదు, నెట్టు లేదు. ఒక రిలే, ఒక టైమరు, మూడు ఫేజులూ వచ్చాయా లేదా చూసే ఒక సర్క్యూటు. కరెంటు వస్తే అదే మోటరు వేసేస్తుంది. మనిషి ఇంట్లో పడుకోవచ్చు. ఊళ్ళో ఒకరిని చూసి ఒకరు అందరూ పెట్టుకున్నారు. పెట్టుకోరా మరి?

ఇక్కడే మన సాఫ్ట్‌వేరు వాళ్ళకి బాగా తెలిసిన జబ్బు ఒకటి వచ్చింది. కొంచెం లెక్క చూడండి. 5 హార్స్‌పవరు మోటరు నడిచేటప్పుడు సుమారు 7 ఆంపియర్లు తీసుకుంటుంది. స్టార్టయ్యే క్షణంలో దానికి ఆరింతలు, అంటే 40 పైమాటే. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు ఇవ్వగలిగింది సుమారు 130 ఆంపియర్లు. దాని కింద 15 మోటర్లు నడుస్తుంటే 105, హాయిగా నడుస్తాయి. మనుషులు వెళ్ళి బటను నొక్కే రోజుల్లో ఒకడు రెండుకి, ఒకడు రెండుంపావుకి నొక్కేవాడు, ఒకడు నిద్రపోయేవాడు. ఆటో స్టార్టరు వచ్చాక? కరెంటు వచ్చిన క్షణం 15 మోటర్లూ ఒకేసారి. 600 ఆంపియర్లు! ట్రాన్స్‌ఫార్మరు ఏం చేస్తుంది పాపం, వోల్టేజి కుంగిపోతుంది, మోటర్లు తిరగలేక మూలుగుతాయి, అప్పుడు ఇంకా ఎక్కువ లాగుతాయి. ఫీజులు పోతాయి, చివరికి ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది.

దీన్నే మనం థండరింగ్ హెర్డ్ అంటాం. సర్వరు పడి లేచిన వెంటనే క్లయింట్లన్నీ ఒకేసారి మీదపడి మళ్ళీ దాన్ని పడగొట్టడం. మందు కూడా మనకి తెలుసు, ఒక్కో క్లయింటుకి ఒక్కో ఆలస్యం. ఆటో స్టార్టర్లలో కూడా ఆలస్యం పెట్టుకునే మర ఉండేది. కానీ ఎవరు పెట్టుకుంటారు? ఆలస్యంగా స్టార్టయితే మన నీళ్ళు పక్కోడు లాగేస్తాడు అని భయం. అందరూ సున్నాకే తిప్పుకున్నారు. మా ట్రాన్స్‌ఫార్మరు ఒకసారి కాలిపోతే కొత్తది వచ్చేసరికి పన్నెండు రోజులు, తలా ఇంత చందా. ఆ పన్నెండు రోజుల్లో ఎండిన వరి కయ్యలు నాకింకా గుర్తు. ఒక్కొక్కరికీ మంచిదైన పరికరం అందరికీ కలిపి ఎట్లా చెడ్డదవుతుందో నేను మొదట నేర్చుకుంది కాలేజీలో కాదు, అక్కడ.

దీనికి ఇంకో ముఖం కూడా ఉంది, నీళ్ళు. మనిషి లేకుండా వేసిన మోటరు మనిషి లేకుండానే తిరుగుతుంది. మడి నిండినా, గెనిమ తెగినా, నీళ్ళు రోడ్డెక్కినా ఆగదు. ఏడు గంటలు కరెంటు ఉంటే ఏడు గంటలూ. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలుపెట్టినప్పుడు, సుమారు 23 లక్షల పంపుసెట్లు ఉన్న రాష్ట్రం అది, ఆటో స్టార్టర్లు తీసేయండి అని ప్రభుత్వమే ఊరూరా చెప్పాల్సి వచ్చింది. లేకపోతే భూమిలో నీళ్ళు ఉండవని. గంటల కొరత వల్ల పుట్టిన పరికరం, కొరత పోయాక ముప్పుగా మారింది.

ఆ తర్వాతది ఫోను స్టార్టరు. పూనాకి చెందిన సంతోష్ ఓస్త్వాల్ అనే ఇంజినీరు తన తాత రాత్రిళ్ళు పంపు దగ్గరికి నడిచి వెళ్ళడం చూసి, ఏళ్ళ తరబడి కష్టపడి నానో గణేశ్ అనే యంత్రం చేశాడు. 2009లో దానికి నోకియా వాళ్ళ పోటీలో బహుమతి వచ్చింది. బెంగుళూరు విన్‌ఫినెట్ వాళ్ళ కిసాన్ రాజా లాంటివి తర్వాత మన వైపూ వచ్చాయి. మాకు 2012లో వచ్చింది, పెద్ద బ్రాండేం కాదు.

లోపల ఏముందో నేను సెలవుల్లో విప్పి చూశాను (తిట్లు తిన్నాను). ఒక జీఎస్ఎం మోడెము, అందులో సిమ్ము, ఒక చిన్న మైక్రోకంట్రోలరు, రెండు రిలేలు. ఒక రిలే ఆకుపచ్చ బటనుకి సమాంతరంగా, ఇంకోటి ఎర్ర బటనుకి వరసలో. అంతే. పాత స్టార్టరుని తీసేయలేదు, దాని వేళ్ళ పక్కన ఇంకో వేలు పెట్టారంతే. ఫోన్ చేస్తే ఎత్తుతుంది. ఒకటి నొక్కితే మోటరు వేస్తుంది, రెండు నొక్కితే ఆపుతుంది. నొక్కినప్పుడు వచ్చే ఆ కుయ్ కుయ్ శబ్దమే డీటీఎంఎఫ్. ఒక్కో అంకెకి రెండేసి స్వరాలు. మా సీనియర్ల ప్రాజెక్టుల్లో 8870 చిప్పు ఉండేది చూడండి, అదే విద్య.

ఆటో స్టార్టరు కన్నా ఇది తెలివైంది ఎందుకంటే ఇది తిరిగి మాట్లాడుతుంది. కరెంటు వస్తే మిస్డ్ కాల్ ఇస్తుంది. ఫేజు పోయినా చెప్తుంది, బోరులో నీళ్ళు లేక మోటరు ఉత్తగా తిరిగినా ఆపేసి చెప్తుంది. షెడ్డు మీద బల్బు చేసే పని ఇప్పుడు ఫోను చేస్తోంది. జేజినాయన నిద్ర ఆ ఏడు నుంచే కాస్త గాఢమయింది అంటుంది మా జేజి.

దీని చరిత్రలో నాకు బాగా నచ్చే ఘట్టం 2018 చివర్లో వచ్చింది. అప్పటిదాకా స్టార్టరు సిమ్ములో పది రూపాయలు వేసి మర్చిపోయేవాళ్ళు, ఇన్‌కమింగే కదా కావాల్సింది. ఆ నవంబరు ప్రాంతంలో ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా నెలకి కనీసం 35 రూపాయల రీఛార్జి ఉంటేనే ఇన్‌కమింగ్ అన్నాయి. ఊళ్ళో ఎన్నో మోటర్లు ఒక్కసారిగా మూగబోయాయి. జియోకి మారదామంటే అది 4జీ మాత్రమే, డబ్బాలో ఉన్నది 2జీ మోడెము. మోటరు బాగుంది, కరెంటు ఉంది, డబ్బా బాగుంది, ఎక్కడో ఎవరో ధరల పట్టిక మార్చారు, ఇక్కడ నీళ్ళు ఆగాయి! కానీ చేను ఎండలేదు. ఎందుకంటే ఆకుపచ్చ బటను అక్కడే ఉంది. నడిచి వెళ్ళి నొక్కారు.

ఇప్పుడు మన ప్లగ్గులకి రండి. 2016లో నెస్ట్ వాళ్ళు కొనేసిన రివాల్వ్ అనే హబ్బుని ఆపేస్తే, కొన్నవాళ్ళ దగ్గర ఒక ప్లాస్టిక్ ముద్ద మిగిలింది. 2022 ఏప్రిల్లో ఇన్‌స్టియాన్ సర్వర్లు చెప్పా పెట్టకుండా ఆగిపోయాయి. మనమే రాసే కోడు కాబట్టి మనకి తెలుసు, గుమ్మం పక్కన ఉన్న లైటు వేయడానికి కబురు సముద్రాలు దాటి వెళ్ళి రావాలి అన్నది ఎంత వింత డిజైనో. అందుకే కొనేటప్పుడు నేను చూసేవి మూడే. పక్కన బటను ఉందా, నెట్టు లేకపోయినా పని చేస్తుందా, ఎన్ని ఆంపియర్లు. 2000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు తీసుకుంటుంది, దాన్ని 6 ఆంపియర్ల ప్లగ్గుకి పెడితే ప్లగ్గే గీజరవుతుంది. నాలుగోది కూడా ఒకటుంది, ఎవరూ చూడరు. కరెంటు పోయి వస్తే ప్లగ్గు ఆన్‌లో లేవాలా ఆఫ్‌లో లేవాలా అన్న సెట్టింగు. మీ అపార్టుమెంటులో వంద ఏసీలు ఆన్‌లో లేస్తే ఏమవుతుందో మా ట్రాన్స్‌ఫార్మరుని అడగండి.

ఇంక అసలు సంగతి. ఇది చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది.

పండగయ్యి హైదరాబాదు వచ్చేశాను. నాలుగో రోజు ఆఫీసులో ఊరికే యాప్ తెరిచి చూస్తే, గీజరు రాత్రి మూడుంపావుకి వేసినట్టు ఉంది. వెంటనే అమ్మకి ఫోన్ చేసి "రాత్రి మూడింటికి గీజరు ఎందుకేశావమ్మా?" అని అడిగాను. అటు పక్క కాసేపు మాట లేదు. "కాళ్ళు పీకుతుంటే ఏన్నీళ్ళు కాపడం పెట్టుకున్నా. నీకెట్లా తెలుసురా?" అంది. నేను గొప్పగా గ్రాఫు సంగతంతా చెప్పాను. "ఓహో" అంది.

తర్వాత మూడు రోజులు గ్రాఫు సున్నా. గీజరు పాడయిందేమో అని నాయనకి ఫోన్ చేస్తే, "బాగానే ఉందిరా. మీ అమ్మ పొయ్యి మీద కాచుకుంటోంది. ఆ ప్లగ్గు పీకి పోపుల డబ్బా పక్కన పెట్టింది" అన్నాడు.

కాళ్ళ నొప్పుల సంగతి నాకు చెప్పాలో వద్దో అమ్మ ఇష్టం కదా. నేను ఆ ఇష్టాన్ని ఒక గ్రాఫుతో లాక్కున్నాను. సౌకర్యం ఇద్దామని పోయి, సబ్‌స్టేషను వాడిలాగా దూరం నుంచి స్విచ్చి మీద కూర్చున్నాను.

ఆ ఆదివారం జేజినాయనకి ఫోన్ చేసి మాటల్లో ఇది చెప్పాను. ఆయన నవ్వి ఒక పాత సంగతి చెప్పాడు. ఫోను స్టార్టరు పెట్టిన కొత్తలో ఒకరోజు చిన్నాయన షెడ్డులో వైర్లు విప్పి సరిచేస్తుంటే, ఇంట్లో ఉన్న జేజినాయనకి మిస్డ్ కాల్ వచ్చింది. కరెంటొచ్చిందని ఒకటి నొక్కబోయాడు. జేజి "చిన్నోడు యాడికి పోయె?" అని అడగబట్టి ఆగాడట. అప్పటి నుంచి మా ఇంట్లో ఒక కట్టడి. డబ్బా ముట్టేవాడు ముందు ఫీజులు మూడూ పీకి జోబులో వేసుకోవాలి. అవి వాడి జోబులో ఉన్నంతసేపు ఎవరు ఎక్కడి నుంచి ఎన్ని నొక్కినా మోటరు తిరగదు. ఫ్యాక్టరీల్లో దీన్ని లాకౌట్ టాగౌట్ అంటారు, పెద్ద పెద్ద మాన్యువళ్ళు ఉంటాయి. మా జేజినాయన ఏ మాన్యువలూ చదవలేదు.

"మీ అమ్మ కూడా ఫీజు పీకి జోబులో ఏసుకునింది లే" అన్నాడు.

మళ్ళీ నంద్యాల వెళ్ళినప్పుడు ప్లగ్గులు నా ఫోన్లోంచి తీసేసి, అమ్మ ఫోన్లో ఒక్కదాన్లోనే ఉంచాను. గీజరుకి ప్లగ్గు మళ్ళీ పెట్టమంటావా అని అడిగాను. "పెట్టు, బటను ఉంది కదా" అంది. కాళ్ళ నొప్పులకి డాక్టరు దగ్గరికి కూడా పోయొచ్చాం, అదీ అమ్మే అడిగితే.

మా చేలో ఇప్పుడు రాత్రి తడులు తగ్గాయి. 2017లో నంద్యాల పక్కనే గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలారు పార్కు వచ్చింది. సోలారు కరెంటు ఎటూ పగలే పుడుతుంది. 2019 తర్వాత వ్యవసాయానికి పగటిపూటే 9 గంటలు అన్నది ప్రభుత్వ విధానమయింది. చిన్నాయన కాలి వేళ్ళు పోగొట్టిన ఆ సమస్యని డబ్బాలు కొంత తగ్గించాయి, కానీ కరెంటిచ్చే వేళ మారడం ఇంకా ఎక్కువ తగ్గించింది. డబ్బాలు అమ్మే వాళ్ళూ, డబ్బాలు చేసే మనమూ ఇది మర్చిపోతుంటాం.

అన్నట్టు నాలుగో ప్లగ్గు జేజినాయన పట్టుకెళ్ళాడు. ఊళ్ళో ఇంటి వాకిట్లో బల్బుకి పెట్టించుకున్నాడు. అక్కడ వైఫై లేదు కదా జేజినాయనా అంటే, "ఏంటికి రా వైఫై, పక్కన బటనుండాది గదా" అంటున్నాడు :)